స్నోఫ్లేక్‌కి నా 3 సర్వర్లు ఇస్తే లోడ్ తగ్గుతుందా?

మినపట్టు | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పెళ్లి భోజనాలకి మెనూ తయారుచేసిపెట్టే సైటు ఒకటి కిందటేడు మొదలుపెట్టాను. ప్రాజెక్టు పోయింది, దానికోసం తీసుకున్న 3 వీపీఎస్‌లు (అద్దె సర్వర్లు) మాత్రం మిగిలాయి. ఒకటి బెంగళూరు, రెండు ఫ్రాంక్‌ఫర్ట్. మార్చి దాకా డబ్బు కట్టేశాను, వెనక్కి ఇవ్వరట. ఊరికే పడుండటం ఎందుకని స్నోఫ్లేక్‌కి ఇద్దామనుకుంటున్నాను. టోర్ అంటే నెట్‌లో ఎవరు ఏం చూస్తున్నారో బయటివాళ్లకి తెలియకుండా దాచే నెట్‌వర్క్, స్నోఫ్లేక్ దాంట్లోకి దొంగదారి. టోర్‌ని అడ్డుకునే దేశాల్లో జనం దాని మీదుగానే లోపలికి వస్తున్నారని, సాయంత్రాలు నత్తనడక నడుస్తుందని విన్నాను.

నా ప్లాను: మూడింట్లోనూ స్నోఫ్లేక్ సర్వర్ ఎక్కించి, ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే జనాన్ని సర్వర్లకి పంచేది) పెట్టి, టోర్ వాళ్లకి మెయిల్ కొట్టడమే. ఆఫీసులో రోజూ చేసే పనే కదా. ఇందులో నాకు కనపడని గొయ్యి ఏమైనా ఉందా?

పాతకాపు | శనివారం, రాత్రి 11:15

గొయ్యి కాదండీ, బావే ఉంది. ముందు పేర్లు విడదీసుకుందాం.

ఇరాన్‌లో కూర్చున్న మనిషి టోర్ బ్రౌజర్ తెరిస్తే అది ముందు బ్రోకర్‌ని అడుగుతుంది, "నాకో దారి చూపించు" అని. బ్రోకర్ ఒక వాలంటీరు ప్రాక్సీని, అంటే మధ్యవర్తి కంప్యూటర్ని, జత చేస్తుంది. ఆ ఇద్దరి మధ్య వెబ్‌ఆర్‌టీసీ, అంటే వీడియో కాల్‌కి వాడే సరుకే. ప్రాక్సీ ఆ ట్రాఫిక్‌ని తీసుకెళ్లి బ్రిడ్జికి అప్పగిస్తుంది. బ్రిడ్జి నుంచి మామూలు టోర్ నెట్‌వర్క్.

మీరు "స్నోఫ్లేక్ సర్వర్" అంటున్నది బ్రిడ్జిని. మామూలు జనం నడిపేది ప్రాక్సీని. ప్రాక్సీని ఎవరైనా ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్రిడ్జి అలా కాదు. మీరు మూడు కాదు ముప్పై పెట్టినా వాటి దగ్గరికి ఎవ్వరూ రారు.

చివరి_బెంచి | శనివారం, రాత్రి 11:31

అన్నా, తెల్వక అడుగుతున్న. మా కాలేజీల చెప్పింది ఏందంటే, లోడ్ ఎక్కువైతే వెనక ఇంకో సర్వర్ పెట్టు, డీఎన్‌ఎస్‌ల (సైటు పేరుకు అడ్రసు చెప్పే పట్టీ) రెండు ఐపీలు పెట్టు, అయిపాయె. ఈడ ఎందుకు కాదు?

పాతకాపు | ఆదివారం, ఉదయం 6:50

రాత్రి నిద్రొచ్చి పడుకున్నా తమ్ముడూ. ఇప్పుడు కాఫీ పక్కన పెట్టుకుని రాస్తున్నా.

కారణాలు రెండు. మొదటిది, టోర్ క్లయింటుకి, అంటే వాడేవాడి బ్రౌజర్‌కి, బ్రిడ్జి అడ్రసుతో పాటు దాని వేలిముద్ర (గుర్తింపు కోడు) కూడా ఇస్తారు. తగిలిన సర్వర్ వేలిముద్ర అదే అయితేనే మాట్లాడుతుంది, లేకపోతే ఫోన్ పెట్టేస్తుంది. మధ్యలో ఎవడో దొంగ బ్రిడ్జి పెట్టి వినకుండా ఉండటానికి అది. కాబట్టి డీఎన్‌ఎస్‌లో రెండో ఐపీ పెడితే, అటు పోయినవాళ్లందరికీ తలుపు మూసి ఉంటుంది.

రెండోది అసలైంది. ప్రాక్సీలు నిలకడలేనివి. ఎవరో బ్రౌజర్ మూసేస్తారు, ఎవరింట్లోనో కరెంటు పోతుంది. 2020లో టర్బో టన్నెల్ అనే పద్ధతి తెచ్చారు. సెషన్‌కి ఒక నంబరు ఉంటుంది. ప్రాక్సీ మధ్యలో పోతే క్లయింటు ఇంకో ప్రాక్సీ పట్టుకుని, అదే నంబరు చెప్పి, ఆగినచోట నుంచి మొదలుపెడుతుంది. ఆ నంబరుకి సంబంధించిన సరుకంతా ఉండేది బ్రిడ్జి మెమరీలో.

తిరుమలలో చెప్పుల స్టాండు గుర్తుచేసుకో. టోకెన్ నీ చేతిలో ఉంది. బస్సు మారితే నష్టం లేదు. కానీ టోకెన్ తీసుకుని వేరే స్టాండుకి వెళ్తే "ఇక్కడ నీ చెప్పుల్లేవు నాయనా" అంటాడు. లోడ్ బ్యాలెన్సర్ వెనక మూడు సర్వర్లంటే అదే పరిస్థితి: ప్రాక్సీ మారినప్పుడల్లా మనిషిని ఏ స్టాండుకి తోస్తుందో తెలియదు.

చివరి_బెంచి | ఆదివారం, ఉదయం 9:20

గిట్ల చెప్తే మా సార్ క్లాసుకు నేను ముందు బెంచీల కూసుంటుంటి.

డల్లాస్_బుజ్జి | ఆదివారం, ఉదయం 9:48

నేను మూడేళ్లుగా ఇంట్లో పాత లాప్‌టాప్ మీద ప్రాక్సీ నడుపుతున్నా, ఈ కథ కొంచెం దగ్గర్నుంచి చూశాను.

స్నోఫ్లేక్ టోర్ బ్రౌజర్ స్టేబుల్ (అందరికీ ఇచ్చే) వెర్షన్‌లోకి వచ్చింది 2021 జులైలో. డిసెంబర్ మొదట్లో రష్యాలో టోర్‌ని బ్లాక్ చేయడం మొదలెట్టారు, జనం దీనిమీద పడ్డారు. అప్పుడున్న బ్రిడ్జి ఒక్కటంటే ఒక్కటి. జనవరికి అది చేతులెత్తేసింది. తమాషా ఏంటంటే ఆ మెషీన్లో కోర్లు (ప్రాసెసర్లో పని చేసే భాగాలు) బోలెడు ఖాళీగా ఉన్నాయి. ఒక్క కోరు మాత్రం నూరు శాతం మీద మాడిపోతోంది. టోర్ ప్రోగ్రాము ప్రధానమైన పనంతా ఒకే థ్రెడ్డు (ఒకే వరస) మీద చేస్తుంది. ఎంత పెద్ద మెషీన్ కొన్నా అది వాడుకునేది ఒక్క కోరునే.

వైకుంఠం కంపార్టుమెంట్లు ఎన్ని కట్టినా లోపలికి వెళ్లే వాకిలి ఒక్కటే అన్నట్టు.

మినపట్టు | ఆదివారం, ఉదయం 10:05

మీరందరూ మొక్కు బాకీ ఉన్నట్టున్నారు 😄 మరి ఎలా గట్టెక్కారు? రెండో మెషీన్ పెట్టారా?

పాతకాపు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

వెంటనే కాదు. 2022 జనవరిలో చేసింది, అదే మెషీన్లో ఒకే గుర్తింపు కీతో అనేక టోర్ ప్రాసెస్‌లు లేపి, స్నోఫ్లేక్ సర్వర్‌కీ వాటికీ మధ్య హెచ్‌ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ పెట్టడం. స్నోఫ్లేక్ సర్వర్ గో భాషలో రాసింది, అన్ని కోర్లూ వాడుకుంటుంది, సెషన్ల సరుకు దాని దగ్గరే ఉంటుంది. అంటే చెప్పుల స్టాండు ఒక్కటే, వెనక పనివాళ్లు మాత్రం పెరిగారు. మినపట్టు గారూ, మీ లోడ్ బ్యాలెన్సర్ ఆలోచన తప్పు కాదు, పెట్టే చోటు తేడా.

ఆ బ్రిడ్జిని చూసుకునే డేవిడ్ ఫిఫీల్డ్, లీనస్ నోర్డ్‌బర్గ్ 2023లో దీనిమీద ఒక పేపర్ రాశారు. సర్వర్లు చూసుకునేవాళ్లు ఎవరైనా చదవాల్సిందే. నాకు బాగా నచ్చిన చిలిపిపని ఒకటుంది. టోర్ తన ఆనియన్ కీని, అంటే క్లయింటు పంపింది విప్పే తాళంచెవిని, కొన్ని వారాలకోసారి దానంతటదే మార్చుకుంటుంది. ఒకే గుర్తింపుతో నడిచే ప్రాసెస్‌లు ఎవరికి వారు కీ మార్చుకుంటే, ఒకదాని కీ గుర్తుపెట్టుకున్న క్లయింటు ఇంకోదానికి తగిలి చతికిలపడుతుంది. కీ మార్చొద్దని చెప్పడానికి టోర్‌లో సెట్టింగు లేదు. ఏం చేశారో తెలుసా? కీ మార్చేటప్పుడు టోర్ పాత కీ ఫైలుకి ".ఓల్డ్" అని పేరు పెట్టి పక్కన పెడుతుంది. సరిగ్గా ఆ పేరుతోనే ముందుగా ఒక ఖాళీ డైరెక్టరీ చేసిపెట్టారు. డైరెక్టరీ ఉన్నచోటికి ఫైలు పేరు మారదు, కాబట్టి కీ మార్పిడి ప్రతిసారీ విఫలమవుతుంది. తలుపు సందులో చెక్కముక్క దూర్చినట్టు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది!

ఇంకో చిక్కు కుకీది. స్నోఫ్లేక్ సర్వర్ టోర్‌తో మాట్లాడే ముందు ఒక కుకీ, అంటే రహస్య గుర్తు, చూపించాలి. ప్రతి టోర్ తన కుకీ తనే పుట్టించుకుంటుంది. మధ్యలో హెచ్‌ఏప్రాక్సీ ఎటు తోస్తుందో తెలియనప్పుడు ఏ కుకీ చూపించాలి? ప్రతి టోర్ ముందూ ఒక బుల్లి ప్రోగ్రాము పెట్టారు, అది అందరి దగ్గరా ఒకే కుకీ తీసుకుని లోపల అసలుది చూపిస్తుంది.

చివరి_బెంచి | ఆదివారం, మధ్యాహ్నం 1:10

అన్నా, ఒకే మెషీన్ల ఇన్ని కనెక్షన్లు లోపల్లోపల తిరుగుతుంటే పోర్టులు (కనెక్షన్‌కొక నంబరు) సరిపోతయా? లినక్స్‌ల 32768 నుంచి 60999 దాకనే గదా ఇచ్చేది. లెక్కేస్తే 28,232.

పాతకాపు | ఆదివారం, మధ్యాహ్నం 1:25

శభాష్. సరిగ్గా అక్కడే తగిలింది వాళ్లకి కూడా. 127.0.0.1 (సొంత మెషీన్ అడ్రసు) నుంచి 127.0.0.1లోని ఒకే పోర్టుకి వెళ్లే కనెక్షన్లలో మారేది సోర్స్ పోర్టు (బయల్దేరే వైపు నంబరు) ఒక్కటే. 28 వేల చిల్లర దాటగానే కొత్తవి పుట్టవు. సీపీయూ ఖాళీ, మెమరీ ఖాళీ, అయినా జనానికి దారి లేదు. ఏ గ్రాఫులోనూ కనపడని జబ్బు.

మందు మాత్రం చవక. లినక్స్‌లో 127తో మొదలయ్యే అడ్రసులన్నీ సొంత మెషీన్‌వే. సోర్స్ అడ్రసుగా ఒక్క 127.0.0.1 బదులు బోలెడు 127 అడ్రసులు తిప్పితే, ఒక్కొక్కదానికీ మళ్లీ 28 వేలు. పైసా ఖర్చు లేదు. "సర్వర్ చాలట్లేదు, ఇంకోటి కొందాం" అని మా ఆఫీసులో ఎవరైనా అంటే నేను ముందు ఈ కథ చెప్తాను. వాళ్లకి విసుగొచ్చేసింది కూడా.

గోదారిగట్టు | ఆదివారం, సాయంత్రం 5:40

అంతా బానే ఉందండి, నాదో అడ్డు ప్రశ్న. నెట్టే పీకేస్తే ఈ స్నోఫ్లేకులు ఏం చేస్తాయండి?

2022 మే నెల. మాది అమలాపురం దగ్గర. జిల్లా పేరు మీద గొడవలయ్యాక మొబైల్ నెట్ ఆపేశారు. నేనప్పుడు ఇంటి నుంచి పని. పొద్దున్నే లాప్‌టాప్ సంచీలో వేసుకుని బండి మీద ఎదుర్లంక వంతెన దాటి యానాం పోయేవాణ్ణి. యానాం పుదుచ్చేరిది కదండి, అక్కడ సిగ్నల్ వచ్చేది. గోదారి ఇవతల సున్నా, అవతల నాలుగు గీతలు. వంతెన మీద బళ్లు ఆపుకుని వాట్సాప్ చూసుకునే జనం ఎంతమందో. ఆ రోజుల్లో నా ఫోన్లో టోర్ ఉంది, వీపీఎన్ ఉంది. ఎందుకు, పచ్చడి పెట్టుకోడానికా?

డల్లాస్_బుజ్జి | ఆదివారం, సాయంత్రం 6:02

అన్నయ్యా, మీరు చెప్పింది నిజం. మొత్తం కత్తిరిస్తే ఏ ప్రాక్సీ పనిచేయదు. స్నోఫ్లేక్ పనికొచ్చేది నెట్ ఉండి, ఎంచుకుని మూసినప్పుడే. ఇరాన్‌లో 2022 సెప్టెంబర్‌లో మహ్సా అమీనీ అనే అమ్మాయి పోలీసుల అదుపులో చనిపోయి నిరసనలు రేగాక రెండూ జరిగాయి. రోజులో కొన్ని గంటలు మొబైల్ నెట్ కట్, మిగతా వేళల్లో ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ బ్లాక్. ఆ మిగతా వేళల్లోనే స్నోఫ్లేక్ వాడకం ఆకాశానికంటింది. రెండో బ్రిడ్జి అవసరం గట్టిగా తెలిసొచ్చిందీ ఆ ఏడే.

గోదారిగట్టు | ఆదివారం, సాయంత్రం 6:15

సరేనండి, ఒప్పుకున్నాను. యానాం వంతెన మాత్రం నేను మర్చిపోను.

మినపట్టు | ఆదివారం, రాత్రి 8:30

చివరికి రెండో బ్రిడ్జి పెట్టారన్నమాట. మరి పొద్దున పాతకాపు గారు చెప్పిన వేలిముద్ర గొడవ ఏమైంది?

పాతకాపు | ఆదివారం, రాత్రి 9:05

రెండోదానికి వేరే వేలిముద్ర. క్లయింటు తనకి ఏ బ్రిడ్జి కావాలో బ్రోకర్‌కి ముందే చెప్తుంది, బ్రోకర్ ప్రాక్సీకి "ఇతన్ని ఫలానా బ్రిడ్జికి దింపు" అంటుంది. వినడానికి చిన్న మార్పు. కానీ అప్పటిదాకా ప్రాక్సీలన్నిట్లో ఒకే బ్రిడ్జి అడ్రసు రాసి ఉంది. వేలమంది వాలంటీర్లు కొత్త వెర్షన్‌కి మారేదాకా రెండో బ్రిడ్జికి మనుషుల్ని పంపలేరు. పైగా బ్రోకర్ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయే ప్రాక్సీ అంటే రేపెవరైనా దానితో దాడులు చేయించొచ్చు. అందుకే స్నోఫ్లేక్ డొమైన్‌తో ముగిసే అడ్రసులకి తప్ప పోనని ప్రాక్సీ మొండికేసేలా రాశారు. సర్వర్ కొనడం ఒక పూట పని, దాని దగ్గరికి దారి వేయడం నెలల పని.

లాయరమ్మ | ఆదివారం, రాత్రి 10:20

మినపట్టు గారూ, బెంగళూరు మెషీన్ గురించి ఒక మాట. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రత సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, వీపీఎస్ ఇచ్చేవాళ్లు, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ వివరాలు 5 ఏళ్లు దాచాలి. అది నచ్చకే కొన్ని వీపీఎన్ కంపెనీలు మన దేశంలోని సర్వర్లు ఎత్తేశాయి. అంటే ఆ ఐపీ వెనక మీరే ఉన్నారని మీ వీపీఎస్ వాడి పుస్తకంలో ఉంటుంది.

భయపెట్టడానికి కాదు. స్నోఫ్లేక్ ప్రాక్సీ ఎగ్జిట్ (టోర్ నుంచి వెబ్‌సైటుకి వెళ్లే చివరి మెషీన్) కాదు, అవతలి వెబ్‌సైటుకి మీ ఐపీ కనపడదు, మీ నుంచి పోయేది బ్రిడ్జికే. ఆ తేడా నాకు అర్థమైంది. స్టేషన్లో కూర్చున్న ఎస్సైకి అర్థం చేయించడానికి ఎంతసేపు పడుతుందో మీరే ఆలోచించుకోండి. నేనైతే ఇంట్లో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ నడుపుతున్నాను, మన దేశంలోని వీపీఎస్ మీద బ్రిడ్జి మాత్రం నడపను. ఇది సలహా, వకాల్తా కాదు.

మినపట్టు | ఆదివారం, రాత్రి 10:41

అయితే మొత్తానికి నా మూడూ దండగేనా?

డల్లాస్_బుజ్జి | సోమవారం, ఉదయం 7:10

దండగెందుకు? ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకదాని మీద ప్రాక్సీ పెట్టండి, డాకర్ అనే సాధనంతో ఐదు నిమిషాల పని. వీపీఎస్ ప్రాక్సీలకి ఉన్న విలువ చాలామందికి తెలియదు. క్లయింటు రౌటర్ వెనకో, మొబైల్ కంపెనీ వాడి న్యాట్ (చాలామందికి ఒకే ఐపీ పంచే ఏర్పాటు) వెనకో ఉంటాడు. ప్రాక్సీ కూడా అలాంటి న్యాట్ వెనకే ఉంటే చాలాసార్లు ఇద్దరికీ కలవదు. అందుకే బ్రోకర్ ప్రాక్సీలని రెండు రకాలుగా చూస్తుంది, రిస్ట్రిక్టెడ్ (గట్టి న్యాట్ వెనకున్నవి), అన్‌రిస్ట్రిక్టెడ్ (సులువుగా అందేవి). బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలో ఎక్కువ భాగం మొదటి రకం. గట్టి న్యాట్ వెనకున్న క్లయింటుకి రెండో రకమే కావాలి. వీపీఎస్‌కి పబ్లిక్ ఐపీ ఉంటుంది కాబట్టి మొదలుపెట్టగానే లాగ్‌లో "న్యాట్ టైప్: అన్‌రిస్ట్రిక్టెడ్" అని పడుతుంది.

పాతకాపు | సోమవారం, ఉదయం 7:45

బుజ్జి గారితో సగమే ఏకీభవిస్తాను. స్నోఫ్లేక్ బలం ఐపీలు ఇళ్లల్లో చెల్లాచెదురుగా, రోజూ మారుతూ ఉండటంలో ఉంది. డేటా సెంటర్ ఐపీల శ్రేణుల్ని గంపగుత్తగా మూయడం సెన్సారుకి చిటికెలో పని. అందరూ వీపీఎస్‌ల మీదే నడిపితే ఒకరోజు పొద్దున్నే అందరూ పోతారు.

డల్లాస్_బుజ్జి | సోమవారం, ఉదయం 8:00

అందరూ నడపాలని ఎవరన్నారండీ? ఈయన దగ్గర ఉన్నది వీపీఎస్. ఉన్నదాంతో వండుకోవాలి.

పాతకాపు | సోమవారం, ఉదయం 8:12

అదీ నిజమే. కానీ మినపట్టు గారూ, ఒకటి గుర్తుపెట్టుకోండి, వాడకం పడిపోతే వెంటనే మీ మెషీన్‌ని తిట్టుకోకండి. 2022 అక్టోబర్ 4న ఇరాన్ నుంచి స్నోఫ్లేక్ వాడకం నిట్టనిలువునా కూలింది. బ్రిడ్జి కులాసాగానే ఉంది. బ్రోకర్‌ని పలకరించే తొలి మాటలో గో భాష టీఎల్‌ఎస్ (రహస్య కనెక్షన్) పద్ధతి ప్రత్యేకంగా కనపడుతోందని కనిపెట్టి, దాన్ని మూసేశారు. బ్రౌజర్ పలకరింపులా కనపడేలా మార్చాక గానీ జనం తిరిగి రాలేదు. ఆ రోజు వంద సర్వర్లు కలిపినా ఒక్కడికీ ఉపయోగం లేదు. తుర్క్‌మెనిస్తాన్‌లో ఇంకో రకం: స్టన్ (ప్రాక్సీ, క్లయింటు తమ బయటి అడ్రసు తెలుసుకునే సాధనం) వాడే 3478 పోర్టునే మూశారు.

రెండో ఫ్రాంక్‌ఫర్ట్ మెషీన్ ఉంది కదా, దానికి డొమైను ఉందా?

మినపట్టు | సోమవారం, ఉదయం 9:30

ఉంది. మెనూ సైటు దానిమీదే ఉంది. ఎవరూ రారు, కానీ తెరుచుకుంటుంది.

పాతకాపు | సోమవారం, ఉదయం 9:41

అయితే వెబ్‌టన్నెల్ బ్రిడ్జి పెట్టండి. ఇక్కడ మాత్రం సర్వర్లు పెంచడమే మందు, ఎందుకంటే సెన్సారు మూసేది ఒక్కో అడ్రసునే. 2021 నవంబర్‌లో టోర్ వాళ్లు 200 కొత్త ఓబీఎఫ్‌ఎస్4 (ట్రాఫిక్‌ని గుర్తుపట్టకుండా చేసే రకం) బ్రిడ్జిలు అడిగారు. 2024 నవంబర్‌లో రష్యా కోసం 200 వెబ్‌టన్నెల్ బ్రిడ్జిలు అడిగారు. స్నోఫ్లేక్ బ్రిడ్జిలా కాకుండా దీన్ని ఎవరైనా నడపొచ్చు.

పద్ధతి ఇది: మామూలు సైటు ఒకటి హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంటుంది. అందులో ఎవరికీ తెలియని పొడవాటి దారి ఒకటి ఉంటుంది. ఆ దారి తెలిసినవాడు వస్తే ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాము అతన్ని టోర్‌కి పంపుతుంది. తెలియనివాడికి కనపడేది సైటు మాత్రమే. మీ విషయంలో గుత్తి వంకాయ కూర.

మినపట్టు | మంగళవారం, రాత్రి 11:50

పెట్టేశాను! ఇదిగో నా బ్రిడ్జి లైను (అడ్రసు, రహస్య దారి ఉండేది), ఎవరైనా టెస్ట్ చేసి చెప్పండి:
[కాపలాదారు తొలగించారు]

కాపలాదారు (మోడరేటర్) | మంగళవారం, రాత్రి 11:54

బాబూ, బ్రిడ్జి లైను బహిరంగంగా పెడితే ఇక అది బ్రిడ్జి కాదు. 4 నిమిషాలు ఉంది. దారి మార్చేయండి, వీలైతే డొమైను కూడా. ఎవరూ కోట్ చేయొద్దు.

మినపట్టు | బుధవారం, ఉదయం 6:30

బుద్ధి గడ్డి తింది. రాత్రే దారి మార్చాను, గుర్తింపు కీలు కొత్తవి పుట్టించాను, సైటుని వేరే డొమైనుకి జరిపాను. బెంగళూరు మెషీన్ ఆపేశాను, లాయరమ్మ గారి మాట విని.

మినపట్టు | రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:15

పరిస్థితి చెప్పమని చివరి బెంచి తమ్ముడు మెసేజ్ పెట్టాడు, అందుకని రాస్తున్నా.

ప్రాక్సీ మొదటి గంట నుంచే పని చేస్తోంది. నిన్న రాత్రి లాగ్‌లో ఒక లైను: గత గంటలో 31 కనెక్షన్లు. ఎవరో, ఏం చూస్తున్నారో నాకు తెలియదు, తెలియక్కర్లేదు కూడా. మెషీన్ సీపీయూ మీద దాని బరువే లేదు.

బ్రిడ్జి మాత్రం ఏడిపించింది. టోర్ 6 గంటలకోసారి హార్ట్‌బీట్ లైను రాస్తుంది, ఇంతమంది క్లయింట్లని చూశాను అని. తొమ్మిది రోజులు సున్నా, సున్నా, సున్నా. పాతకాపు గారు ఓపిక పట్టమన్నారు, బ్రిడ్జి అడ్రసులు పంచిపెట్టేవాళ్ల చేతికి వెళ్లాక గానీ ఎవరూ రారని. పదో రోజు పొద్దున 4 కనపడింది. నిన్న 11.

చివరి_బెంచి | శనివారం, రాత్రి 9:22

మరి మార్చి తర్వాత, అన్నా?

మినపట్టు | శనివారం, రాత్రి 9:40

ఫ్రాంక్‌ఫర్ట్ రెండూ ఇంకో ఏడాదికి కట్టేశాను. ఒక చిక్కొచ్చిపడింది, సైటు బతికున్నట్టు కనపడాలంటే అప్పుడప్పుడూ మార్చాలి. అమ్మని కూర్చోబెట్టి వారానికో మెనూ రాయిస్తున్నా. ఎవరి పెళ్లికిరా అని అడుగుతోంది.